సాగు మొక్క – ఆక్రమణ మొక్క: డ్రాగన్‌ఫ్రూట్ నేపథ్యంలో తెలుగు వృక్షనామాల పరిశీలన

వ్యాససంగ్రహం

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని కోహీర్ జామతోటలకు ప్రసిద్ధి. ఈ జిల్లాలో ఇటీవలి కాలంలో డ్రాగన్‌ఫ్రూట్ సాగు కూడా కనిపిస్తోంది. మన రైతుకు ఆదాయం తెచ్చే ఈ మొక్కను ప్రపంచంలోని కొన్ని ప్రాంతాలు తోట దాటి అడవిలోకి పాకే ఆక్రమణ మొక్కగా చూస్తున్నాయి. ఒకే మొక్కకు ఈ రెండు ముఖాలు ఎలా వచ్చాయో వివరించడం, పరదేశాల నుండి వచ్చిన మొక్కలను తెలుగు సమాజం గతంలో ఎలా స్వీకరించిందో, వాటికి ఏ పేర్లు పెట్టిందో పరిశీలించడం, ఆ అనుభవం నేటి డ్రాగన్‌ఫ్రూట్ విషయంలో ఏ మేరకు ఉపకరిస్తుందో చర్చించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: డ్రాగన్‌ఫ్రూట్, కోహీర్, నాగజెముడు, వృక్షనామాలు, ఆక్రమణ మొక్కలు, సర్కారుతుమ్మ, సాగుకాని కూరలు.

1. ఉపోద్ఘాతం

మొక్క పేరు ఆ మొక్కతో ఒక సమాజానికి గల సంబంధాన్ని నమోదు చేస్తుంది. అది ఎక్కడి నుండి వచ్చింది, ఎవరు తెచ్చారు, దేనికి పనికివచ్చింది, ఎవరిని ఇబ్బందిపెట్టింది అనే విషయాలు చాలాసార్లు పేరులోనే దాగి ఉంటాయి. గ్రంథాలలో నమోదు కాని వ్యవసాయ చరిత్రను తెలుసుకోవడానికి వృక్షనామాలు ఒక ఆధారం.

పరదేశపు మొక్కల విషయంలో శాస్త్రజ్ఞులు కొన్ని దశలను గుర్తిస్తారు. మనుషులు నాటితేనే పెరిగేది సాగు మొక్క. తోట దాటి అక్కడక్కడ మొలిచేది తప్పించుకున్న మొక్క. మనిషి సాయం లేకుండా తరతరాలుగా తన సంతతిని నిలుపుకొనేది స్థిరపడిన మొక్క. అలా స్థిరపడి, వేగంగా విస్తరిస్తూ స్థానిక జీవజాతులకు హాని చేసేది ఆక్రమణ మొక్క. ప్రతి పరదేశపు మొక్కా ఆక్రమణ మొక్క కాదన్నది ఈ విభజనలో మొదట గ్రహించవలసిన అంశం. ఒకే మొక్క ఒకచోట మొదటి దశలోను, మరొకచోట చివరి దశలోను ఉండవచ్చన్నది రెండవ అంశం.

2023లో వెలువడిన జీవవైవిధ్య అంతర్జాతీయ వేదిక నివేదిక ప్రకారం, మానవ కార్యకలాపాల వల్ల కొత్త ప్రాంతాలకు చేరిన జాతులు 37,000కు పైగా ఉండగా, వాటిలో హానికరమైన ఆక్రమణ జాతులుగా గుర్తించినవి సుమారు 3,500 మాత్రమే. అంటే పదింట ఒకటి. ఆ ఒకటి ఏది కాబోతున్నదో ముందుగా చెప్పడం కష్టం. డ్రాగన్‌ఫ్రూట్ గురించిన ఆలోచన ఈ అనిశ్చితి నుండే మొదలుకావాలి.

2. డ్రాగన్‌ఫ్రూట్: పుట్టుక, స్వభావం

2.1. జన్మస్థానం, శాస్త్రనామం

డ్రాగన్‌ఫ్రూట్ కాక్టస్ కుటుంబానికి చెందిన పాకుడు మొక్క. మెక్సికో, మధ్య అమెరికా దీని జన్మభూములు. తెల్లని గుజ్జు గల రకాన్ని 1830లో హావర్త్ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు సెరియస్ అండాటస్ అని వర్ణించాడు. ఆ వర్ణనకు ఆధారం చైనాలో సాగులో ఉన్న మొక్క కావడం విశేషం. అమెరికాలో పుట్టిన మొక్క శాస్త్రలోకానికి ఆసియా చిరునామాతో పరిచయమైందన్నమాట. తరువాత ఇది హైలోసెరియస్ ప్రజాతిలోకి, 2017లో సెలెనిసెరియస్ ప్రజాతిలోకి మారింది. ఈ చివరి పేరులోని మొదటి భాగం గ్రీకుల చంద్రదేవత సెలీనీది. రాత్రిపూట విచ్చుకొని ఉదయానికి వాడిపోయే పెద్ద తెల్లని పువ్వుకు ఆ పేరు చక్కగా సరిపోయింది.

19వ శతాబ్దంలో ఫ్రెంచివారి ద్వారా ఇది వియత్నాం చేరింది. అక్కడ దీనిని ‘థాన్ లాంగ్’ అంటారు. పచ్చని డ్రాగన్ అని అర్థం. మెలికలు తిరుగుతూ పైకి పాకే ఆకుపచ్చని కాండం, పొలుసుల వంటి తొడుగులున్న కాయ ఈ ఊహకు తగినట్లే ఉంటాయి. నేడు మన అంగళ్ళలో వినిపించే పేరులోని డ్రాగన్ ఈ ఆసియా ఊహకు చెందినదే గాని, అమెరికాది కాదు.

2.2. సాగుకు అనువైన గుణాలే విస్తరణకు కారణాలు

ఈ మొక్క పగటి ఎండలో ఆకురంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లదనంలో తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తుంది. అందువల్ల నీటి నష్టం తక్కువ. కాండం నుండి పుట్టే గాలివేళ్ళు దొరికిన ఆధారాన్ని పట్టుకుంటాయి. అందుకే రైతు సిమెంటు స్తంభం పాతి, దానిపై చక్రాన్నో పాత టైరునో అమర్చి నాలుగు వైపులా మొక్కలు పెడతాడు. ఎకరాకు సాధారణంగా 400 నుండి 500 స్తంభాలు అవసరమవుతాయి. పెట్టుబడిలో అధికభాగం ఈ స్తంభాలదే. ఒకసారి నాటితే తోట రెండు దశాబ్దాల వరకు కాపు కాస్తుంది. పూత తరువాత సుమారు నెలరోజులకు కాయ కోతకు వస్తుంది.

ఈ గుణాలనే మరొక కోణం నుండి చూద్దాం. కాండం ముక్క నేలను తాకితే వేళ్ళు వేస్తుంది. రైతుకు ఇది చౌకగా నారు తయారుచేసుకొనే మార్గం. గట్టు మీద పారేసిన ముక్కకూ ఇదే శక్తి ఉంటుంది. స్తంభాన్ని పట్టుకొన్న గాలివేరు చెట్టు మానును కూడా పట్టుకుంటుంది. గుజ్జులోని అసంఖ్యాకమైన నల్లని గింజలను మనం నమిలి మింగేస్తాం. పక్షులు వాటిని దూరాలకు చేరవేస్తాయి. కరువును తట్టుకొనే శక్తి తోటలో వరమైతే, తోట బయట ఆ మొక్కను అదుపుచేయడానికి అడ్డంకి అవుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోను, అమెరికాలోని ఫ్లోరిడాలోను ఇది తోటలు దాటి చెట్లపైకి పాకి స్థిరపడింది. సాగు గుణం, ఆక్రమణ గుణం అని వేర్వేరుగా రెండు లేవు. గుణం ఒక్కటే, అది పనిచేసే స్థలం మారుతుంది.

దీనిని నిలువరించే అంశాలూ ఉన్నాయి. తీవ్రమైన మంచుకు కాండం దెబ్బతింటుంది. 40 డిగ్రీలు దాటే ఎండకు పసుపుబారి కమిలిపోతుంది. నీరు నిలిస్తే కుళ్ళుతుంది. స్వగ్రామంలో దీని పూలను గబ్బిలాలు, రాత్రి తిరిగే పెద్ద చిమ్మటలు సంపర్కపరుస్తాయి. ఎర్రగుజ్జు రకాలలో అనేకం తమ పుప్పొడితో తాము కాయ కట్టలేవు. కనుక ప్రతి తోటా ప్రమాదమని చెప్పడం శాస్త్రీయం కాదు.

3. కోహీర్: జామ నేర్పే పాఠం

కోహీర్ బీదర్ పీఠభూమి అంచున ఉంది. వికారాబాద్ నుండి బీదర్ వైపు వెళ్ళే రైలుమార్గంలో ‘కోహీర్ దక్కన్’ స్టేషను ఈ ఊరిదే. నీరు నిలవని ఎర్రని జేగురు నేలలు ఈ ప్రాంతపు ప్రత్యేకత. చలికాలంలో తెలంగాణ కనిష్ఠ ఉష్ణోగ్రతల వార్తలలో కోహీర్ పేరు తరచుగా వినిపిస్తుంది. నీరు ఇంకిపోయే ఈ నేల డ్రాగన్‌ఫ్రూట్‌కు అనుకూలమైతే, ఇక్కడి చలి, వేసవి ఎండ రెండూ దానికి పరీక్షలే.

కోహీర్ అనగానే గుర్తుకువచ్చేది జామపండు. ఈ ఊరి గుర్తింపుగా మారిన జామ కూడా ఉష్ణమండల అమెరికా నుండి వచ్చినదే. పోర్చుగీసువారి కాలంలో భారతదేశానికి చేరిన ఈ చెట్టు ఇక్కడ ఎంతగా కలిసిపోయిందంటే, అది పరాయిదన్న ఊహ కూడా ఎవరికీ రాదు. కానీ గలపాగస్ దీవుల ఎత్తైన ప్రాంతాలలో ఇదే జామ స్థానిక వృక్షజాలాన్ని కప్పివేసిన ఆక్రమణ మొక్క. కోహీర్‌లో తరాల ఊరిపేరైన చెట్టు అక్కడ నరికివేతకు గురవుతోంది.

సీతాఫలానిది మరొక మార్గం. అదీ అమెరికా నుండి వచ్చినదే. అయితే తోటలకే పరిమితం కాకుండా తెలంగాణ గుట్టలలో తనంతట తాను పెరిగి, పేదల ఆదాయమార్గమైంది. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ పేరు ఒక సీతాఫల రకానికి స్థిరపడింది. తప్పించుకున్న మొక్క నష్టమే చేయాలన్న నియమం లేదని ఇది తెలుపుతుంది. జామ తోటలో ఉండిపోయింది, సీతాఫలం గుట్ట ఎక్కి మేలు చేసింది. గుట్ట ఎక్కి కీడు చేసిన మొక్కకు ఉదాహరణగా డ్రాగన్‌ఫ్రూట్ కుటుంబానికే చెందిన నాగజెముడును చెప్పుకోవాలి.

4. నాగజెముడు: ఒక పేరు, ఒక చరిత్ర

4.1. పేరు ఏర్పడిన తీరు

తెలుగులో ‘జెముడు’ అనేది పాలుకారే స్థానిక మొక్కల సమూహానికి పేరు. ఆకుజెముడు, బొంతజెముడు, కాడజెముడు మొదలైనవి ఈ కోవలోనివి. వృక్షశాస్త్రరీత్యా ఇవి యుఫోర్బియా ప్రజాతివి. కాక్టస్ కుటుంబంతో వీటికి దగ్గరి బంధుత్వం లేదు. అమెరికా నుండి ఒపన్షియా అనే ముళ్ళ కాక్టస్ వచ్చినప్పుడు, కండపట్టిన ముళ్ళ కాండాన్ని చూసి తెలుగువారు దానిని జెముడు వర్గంలో చేర్చారు. పడగ విప్పిన పాము వంటి పలకలను బట్టి ‘నాగ’ విశేషణాన్ని జోడించారు. హిందీలోని నాగఫణిలోనూ ఇదే ఊహ ఉంది. తమిళంలో సప్పాత్తిక్కళ్ళి, కన్నడంలో పాపాసుకళ్ళి అన్న పేర్లలోని ‘కళ్ళి’ కూడా స్థానిక యుఫోర్బియా మొక్కల పేరే. కొత్త మొక్కకు పాత వర్గనామాన్ని విస్తరించడం ద్రావిడభాషలలో ఉమ్మడిగా కనిపించే నామకరణ పద్ధతి.

ఈ పద్ధతి మొక్క రూపాన్ని చక్కగా పట్టిస్తుంది. కానీ దాని పరాయితనాన్ని దాచేస్తుంది. నాగజెముడు అన్న పేరు విన్నవారికి అది దక్కను నేలకు కొత్త అని స్ఫురించదు.

4.2. మొక్క వ్యాపించిన తీరు

18వ శతాబ్దం చివర మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జేమ్స్ అండర్సన్ ఎర్రరంగునిచ్చే కోకినీల్ పురుగును పెంచే ప్రయత్నం చేశాడు. దాని ఆహారమైన కాక్టస్ కోసం సైదాపేటలో ప్రత్యేకంగా తోట ఏర్పడింది. 1795లో బ్రెజిల్ నుండి ఓడలో పురుగులు వచ్చాయి. వచ్చినది మేలైన రంగునిచ్చే జాతి కాదు. లాభం రాలేదు, కానీ ఆ పురుగు ఒక రకం కాక్టస్‌ను తినివేసింది. ఆ గుణాన్ని గమనించి 1836–38 మధ్య దానిని కాక్టస్ నివారణ కోసమే దక్షిణభారతానికి తెచ్చారు. పురుగుతో కలుపును అదుపుచేసిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

ఆ పురుగు ముట్టని మరొక నాగజెముడు జాతి మాత్రం పొలాలను, బీళ్ళను, ఊరిబయళ్ళను కప్పివేసింది. 1926లో మరొక కోకినీల్ జాతిని శ్రీలంక నుండి తెచ్చి వదిలిన తరువాత కొద్ది సంవత్సరాలలోనే దక్షిణాదిన దాని బలం తగ్గింది. అదే 1926లో ఆస్ట్రేలియా అర్జెంటీనా చిమ్మటను వదిలి, సుమారు 2.4 కోట్ల హెక్టార్లను ఆక్రమించిన కాక్టస్‌ను అదుపుచేసింది. క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గాలో రైతులు ఆ చిమ్మట స్మారకంగా 1936లో ఒక భవనాన్నే కట్టుకున్నారు.

మడగాస్కర్ అనుభవం దీనికి భిన్నం. ఆ దీవి దక్షిణభాగంలో కాక్టస్ పశువులకు మేత, ఇళ్ళకు కంచె, కరువులో మనిషికి ఆహారం. 1924లో ప్రవేశించిన కోకినీల్ పురుగు కొన్నేళ్ళలో దానిని తుడిచిపెట్టింది. పశువులు చనిపోయాయి, కరువు వచ్చింది. ఒక మొక్కను ఆక్రమణ మొక్క అని ప్రకటించేముందు దానిపై ఆధారపడినవారెవరని అడగవలసిన అవసరాన్ని ఈ సంఘటన గుర్తుచేస్తుంది.

5. పేర్లలో నిలిచిన రాకపోకలు

నాగజెముడు పద్ధతి కాక, తెలుగులో పరదేశపు మొక్కల నామకరణానికి మరికొన్ని మార్గాలున్నాయి.

అ) వచ్చిన దిక్కును, తెచ్చినవారిని తెలిపే పేర్లు: సీమచింత, సీమవంకాయ, సీమతుమ్మ వంటివి. సీమ అంటే ఇక్కడ విదేశం. సర్కారుతుమ్మ అన్న పేరు మరింత స్పష్టమైనది. ఈ తుమ్మ గింజలను మద్రాసు అటవీశాఖ తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించింది. వంటచెరకు కొరత తీర్చాలన్నది ఉద్దేశం. ఆ చెట్టు చెరువుగట్లను, బీళ్ళను కమ్ముకొన్నప్పుడు ప్రజలు దానిని సర్కారు పేరుతోనే పిలిచారు. బాధ్యత ఎవరిదో ఆ పేరు చెబుతూనే ఉంది. అదే చెట్టు వంటచెరకుగా, బొగ్గుగా ఎన్నో కుటుంబాలను పోషించిందన్నదీ నిజమే.

ఆ) వ్యంగ్యాన్ని, పోలికను తెలిపే పేర్లు: 1950లలో పూణే పరిసరాల్లో గుర్తించిన పార్థీనియం తెలుగునాట వయ్యారిభామ అయింది. పైకి అందం, తాకితే దురద. దీనికే కాంగ్రెస్ గడ్డి అన్న పేరూ ఉంది. దిగుమతి గోధుమలతో వచ్చిందన్న ప్రచారం ఆ పేరుకు నేపథ్యంగా చెబుతారు. నీటిపై పరచుకొనే గుర్రపుడెక్క పేరు ఆకు ఆకారాన్ని బట్టి వచ్చింది.

ఇ) పవిత్రతను ఆపాదించే పేర్లు: మన ఇళ్ళ కుండీలలో రాత్రిపూట పూసే ‘బ్రహ్మకమలం’ నిజానికి మెక్సికో ప్రాంతపు కాక్టస్. డ్రాగన్‌ఫ్రూట్‌కు దగ్గరి బంధువు. హిమాలయాలలోని అసలు బ్రహ్మకమలం వేరొక కుటుంబపు మొక్క. అయినా మన ఇళ్ళలో ఆ కాక్టస్ పువ్వు విచ్చుకొన్న రాత్రి దీపం వెలిగించి దండం పెట్టేవారున్నారు. మలయాళీలు ఇదే మొక్కను నిశాగంధి అంటారు.

మొదటి వర్గం పేర్లు మొక్క రాకను, రెండవవి దానితో పడిన ఇబ్బందిని లేదా దాని ఆకారాన్ని, మూడవవి దాని పట్ల భక్తిని తెలుపుతాయి.

6. విత్తనివన్నీ కలుపు కావు

సాగు, ఆక్రమణ అన్న రెండు మాటలకే పరిమితం కాని వర్గీకరణ జహీరాబాద్ ప్రాంతంలో సజీవంగా ఉంది. 1983లో ఏర్పడి పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘాలు చిరుధాన్యాల మిశ్రమసాగును కాపాడుకొంటూ వచ్చాయి. 2019లో ఈ సంస్థకు ఈక్వేటర్ బహుమతి లభించింది. ఈ మహిళల వ్యవసాయ జ్ఞానంలో ‘సాగుచేయని కూరలు’ ఒక ముఖ్యమైన వర్గం. ఎవరూ విత్తకుండా పంటల మధ్య మొలిచి, ఆకుకూరగా ఇంటికి చేరేవి ఇవి. గునుగు, తుమ్మికూర, పాయలకూర ఇందులోనివి.

గునుగు విషయం ఆలోచించదగినది. పంటకు అడ్డమైతే కలుపు, లేత ఆకు కోస్తే కూర, ఆశ్వయుజంలో పూస్తే బతుకమ్మ పువ్వు. అదే బతుకమ్మలో మెక్సికో నుండి వచ్చిన బంతి కూడా ఒదిగిపోయింది. ఈ జ్ఞానంలో మొక్క మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న విడిగా ఉండదు. ఎక్కడ, ఎంత, ఎవరికి అన్న ప్రశ్నలతో కలిసే ఉంటుంది. ఆధునిక జీవావరణశాస్త్రం కోరే దృష్టి కూడా ఇదే. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఆక్రమణ పరదేశజాతులకు నిర్వచనమిచ్చి, వాటి నియంత్రణకు అధికారం కల్పించింది. ఆ నిర్వచనానికి మూలం మొక్క పరదేశపుదై ఉండటం మాత్రమే కాదు, అది వన్యజీవులకు, వాటి ఆవాసానికి ముప్పు కలిగించడం కూడా.

7. పండుకు పేరుంది, మొక్కకు లేదు

2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం డ్రాగన్‌ఫ్రూట్‌ను ‘కమలం’ అని పిలవనున్నట్లు ప్రకటించింది. పండు కమలం ఆకారంలో ఉంటుందన్నది వారిచ్చిన కారణం. బ్రహ్మకమలం విషయంలో ప్రజలు తమంతట తాము చేసిన పనిని ఇక్కడ ప్రభుత్వం ప్రకటన ద్వారా చేసింది. తెలుగులో మాత్రం ఆంగ్లనామమే వాడుకలో ఉంది. డ్రాగన్‌తోట, డ్రాగన్‌మొక్క అన్న మిశ్రపదాలు వినిపిస్తున్నాయి.

అన్యదేశ్యాన్ని స్వీకరించడం తప్పు కాదు. గమనించవలసినది వేరొకటుంది. డ్రాగన్‌ఫ్రూట్ అన్నది అంగడిలో అమ్మే వస్తువు పేరు. అది పండును చూపిస్తుంది గాని, పాకే కాండాన్ని చూపించదు. నాగజెముడు, సర్కారుతుమ్మ, గుర్రపుడెక్క అన్నవి మొక్కల పేర్లు. పశువులు మేపేవారు, కూలికి వెళ్ళే స్త్రీలు, చెరువుగట్టున నడిచేవారు గుర్తుపట్టి చెప్పుకోగలిగిన పేర్లు. రేపు ఒక డ్రాగన్ కాండం గట్టు మీది వేపచెట్టునెక్కి పండు లేకుండా కనిపిస్తే, దానిని చూసినవారు ఏమని చెప్పాలి? పేరు లేని మొక్క గురించి ఫిర్యాదు రాదు. ఆక్రమణ మొక్కల నియంత్రణలో తొలిదశలోనే గుర్తించడం కీలకమని శాస్త్రజ్ఞులందరూ అంగీకరిస్తారు. ఆ గుర్తింపు మొదలయ్యేది ప్రయోగశాలలో కాదు, ఊరి నోటిమాటలో. తెలుగు భాషాధ్యయనానికి, జీవావరణానికి మధ్య గల సంబంధం ఇక్కడ స్పష్టమవుతుంది.

అయితే పేరును పండితులు కల్పించి ఇవ్వవలసిన అవసరం లేదు. సర్కారుతుమ్మను ఏ పరిషత్తూ నిర్ణయించలేదు. మొక్కతో ప్రజలకు బ్రతుకుసంబంధం ఏర్పడినప్పుడు పేరు తానే పుడుతుంది. ఆ పుట్టుకను గమనించి, ఏ ఊరిలో, ఎవరి నోట, ఏ సంవత్సరంలో వినిపించిందో నమోదు చేయడం పరిశోధకుల పని. నాగజెముడు విషయంలో అలాంటి నమోదు జరగలేదు. డ్రాగన్‌ఫ్రూట్ విషయంలో ఆ అవకాశం ఇప్పుడు మన కళ్ళముందు ఉంది.

సాగు పరంగా పాటించదగిన జాగ్రత్తలు సరళమైనవే. కత్తిరించిన కాండాలను గట్ల మీద, వాగులలో, గుట్టల అంచున పారేయకూడదు. మట్టి తగలకుండా పూర్తిగా ఎండబెట్టాలి లేదా లోతుగా పూడ్చాలి. తోట తీసివేసేటప్పుడు స్తంభాలతోపాటు కాండాలనూ తొలగించాలి. పక్షులు వాలే చెట్లను, పాత గోడలను అప్పుడప్పుడు పరిశీలించాలి. లక్షల పెట్టుబడి పెట్టిన రైతును ఈ జాగ్రత్తలు భయపెట్టవు, అతనిపై అదనపు భారమూ మోపవు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

- సాగు మొక్క, ఆక్రమణ మొక్క అన్నవి మొక్కల జాతులు కావు. ఒక స్థలంలో, ఒక కాలంలో మొక్కకు, సమాజానికి మధ్య ఏర్పడే సంబంధాలు. కోహీర్ జామ, గలపాగస్ జామ ఇందుకు నిదర్శనం.
- డ్రాగన్‌ఫ్రూట్‌ను లాభదాయకం చేసే గుణాలే అది తోట దాటడానికీ తోడ్పడతాయి. నేడు మన ప్రాంతంలో అది పంట. అది పంటగానే ఉండటం మన జాగ్రత్తపై ఆధారపడి ఉంది.
- తెలుగు వృక్షనామాలు పరదేశపు మొక్కల రాకను, వాటి వల్ల కలిగిన మేలుకీళ్ళను నమోదు చేశాయి. డ్రాగన్‌ఫ్రూట్ మాత్రం ఇంకా సరుకు పేరుగానే మిగిలింది.
- జహీరాబాద్ మహిళారైతుల ‘సాగుచేయని కూరలు’ అన్న వర్గీకరణ ఈ చర్చకు స్థానికమైన సిద్ధాంతభూమికను అందించగలదు.

తెలుగు శాఖలలోని విద్యార్థులు తమ ఊరి గట్ల మీద పెరిగే మొక్కల పేర్లను, ఆ పేర్లు చెప్పినవారి వయస్సుతోను, వృత్తితోను సహా నమోదు చేయడం ప్రారంభిస్తే, అది మాండలిక పరిశోధనకు, వృక్షశాస్త్రానికి సమానంగా ఉపకరిస్తుంది. నాగజెముడు దక్కనును కప్పివేస్తున్న రోజులలో దానిని చూసిన సామాన్యుల మాటలు నేడు మనకు దొరకడం లేదు. కోహీర్ తోటల విషయంలో రాబోయే తరానికి ఆ లోటు మిగలకుండా చూడటం సాధ్యమే.